రాళ్ళవాగు మస్టర్‌లో ఒక పేరు

ఫిబ్రవరి 18, బుధవారం

ఈ డైరీ నా కూతురు సాయిప్రియకు బట్టల షాపులో కొత్త సంవత్సరానికి ఇచ్చారు. ఎవరికీ పనికిరాక అల్మారా మీద పడి ఉంది. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు వంకరగా వస్తాయి. రానీ. చూసేవాళ్ళెవరు.

ఇంట్లో ఇద్దరున్నా చెప్పుకోవడానికి లేదు. ఆయనకు బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి చెవులు పోయాయి. ఆయనకు వినపడేలా చెబితే మాదన్నపేట మార్కెట్ దాకా వినపడుతుంది. సాయిప్రియకు చెబితే అదీ ఏడుస్తుంది.

నా కొడుకు నందు పోయి రేపటికి ఏడు నెలలు.

మధ్యాహ్నం రాళ్ళవాగు నుంచి బాలకిషన్ ఫోన్ చేశాడు. మా చక్కెర ఫ్యాక్టరీలో టైం ఆఫీసు ఆయనదే. ఎవరు డ్యూటీకి వచ్చారు, ఎవరు రాలేదు అని మస్టర్ రాసేవాడు. ఫ్యాక్టరీ మూతపడి ఐదేళ్ళయినా ఊరు వదల్లేదు.

"వదినె, సర్కారు కదిలింది. పాత చక్కెర గోదాంల బెల్లం యూనిట్ పెడుతున్నరు. ఫ్యాక్టరీ పోయిన ఊరికి ఆసరా అట. ఆఖరి మస్టర్ల ఎవ్వని పేరుంటె వాళ్ళింటికి ఒక పని. ముందుగాల మూడు నెలలు ట్రైనింగ్. ఉండనీకె పాత క్వార్టరే ఇస్తరు. మన నందు పేరున్నది. లిస్టు పంచాయితి గోడకు అంటించిన్రు, నా కండ్లతోటి చూసిన."

మన నందు పేరున్నది.

"వాడు లేడు గదా, వాని జాగల సాయిప్రియను పెట్టొచ్చు. డెత్ సర్టిఫికెట్ తీస్కొని రా. నీ సంతకం గూడ గావాలె. మార్చి తొమ్మిది ఆఖరు. మర్శిపోకు వదినె."

సరే అన్నాను. ఫోన్ పెట్టాక చాలాసేపు ఆ గోడ గురించే ఆలోచించాను. సున్నం వేసిన గోడ. దారిన పోయేవాళ్ళు ఆగి చదువుతారు. కె. నందు, టోకెన్ 318.

ఫిబ్రవరి 19, గురువారం

సాయంత్రం సైరన్ మోగింది. రంజాన్ మొదలైంది కదా. ఉపవాసం విడిచే వేళకు యాకుత్‌పురా వైపు నుంచి వస్తుంది. నాకు తెలుసు. నాలుగేళ్ళుగా వింటున్నాను. అయినా చేతిలో గిన్నె జారిపోయింది.

పట్నం వచ్చాక మొదటి రంజాన్ అది. నందు నా తమ్ముడు వైకుంఠం దగ్గర, బర్ల షెడ్డులో పని చేసేవాడు. పొద్దున్నే పాలు పోసి వచ్చి పగలు పడుకునేవాడు. ఆ సాయంత్రం సైరన్ మోగగానే, ఫ్యాక్టరీదే అనుకుని, మంచం మీంచి ఎగిరి దూకాడు. "అమ్మా, సి షిఫ్టు! లేపద్దా నన్ను?" అని నా మీదే అరిచి, చొక్కా తిరగేసి తొడుక్కుని, ఒక్క చెప్పుతో గల్లీలోకి ఉరికాడు. నేనేమన్నా తక్కువా. వాడి వెనకే టిఫిన్ డబ్బా పట్టుకుని ఉరికాను. అందులో ఏమీ లేదు.

గల్లీ మూల మీద మసీదు ముందర గుడ్డ పరుచుకుని వరసగా కూర్చున్నవాళ్ళు మమ్మల్ని చూసి తినడం ఆపేశారు. ఒక ముసలాయన "క్యా హువా బేటా, కహాఁ భాగ్ రహే?" అన్నాడు. నందు నిలబడి అటూ ఇటూ చూశాడు. "డ్యూటీకి చాచా" అన్నాడు.

"కౌన్సీ డ్యూటీ? ఆ, బైఠ్" అని వాడి చేతిలో ఖర్జూరం పెట్టి పక్కన కూర్చోబెట్టాడు. నా ఖాళీ డబ్బా నిండా పండ్ల ముక్కలు, పకోడీలు పోసి ఇచ్చారు.

ఇంటికి వచ్చి నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టింది. ఆయనకు సంగతి చెప్పడానికి ముగ్గురం మూడుసార్లు అరిచాం. అంతా విని ఆయన, "సైరన్ మోగిందా? మరి నన్నెందుకు లేపలె?" అన్నాడు.

ఇవ్వాళ మోగింది, ఆగింది. ఎవరూ లేవలేదు. ఆయన అరుగు మీద తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చున్నాడు.

ఫిబ్రవరి 21, శనివారం

బాలకిషన్ సాయిప్రియకు కూడా ఫోన్ చేశాడట. షాపు నుంచి వస్తూనే చెప్పుల కాళ్ళతోనే లోపలికి వచ్చింది.

"అమ్మా, నేను పోత. అఫ్జల్‌గంజ్‌ల చీరెలు ఇప్పి, మడతబెట్టి, ఇప్పి, మడతబెట్టి నా కాళ్ళు గుంజలైనయి. పొద్దుందాక కూసుండనియ్యరు. కాగితమేది?"

"ఒక్కదానివి ఎట్ల ఉంటవే ఆడ?"

"పుట్టిందే ఆ క్వార్టర్ల. పులులున్నయా?"

దాని ముఖం చూశాను. ఏడు నెలల తర్వాత ఆ ముఖంలో అంత వెలుగు చూడటం ఇదే.

కాగితం వెతికాను. అల్మారాలో లేదు. దేవుడి పటాల వెనక లేదు. ఆయన సంచిలో లేదు. బియ్యం డబ్బా ఒక్కటి జరపలేదు. నడుము పట్టేసి ఉంది.

ఫిబ్రవరి 22

వెతికాను. లేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

బట్టలు ఆరేయబోతూ ఆకాశం చూశాను. గాలి ఎటు తిరిగిందా అని. పట్నంలో ఎందుకు చూడాలి? కానీ చెయ్యి ఆగిపోతుంది. రాళ్ళవాగులో క్రషింగ్ సీజన్ మొదలైతే ఆడవాళ్ళందరం ముందు చిమ్నీ వంక చూసేవాళ్ళం. పొగ వాగు మీదికి పోతే ఆరేయొచ్చు. క్వార్టర్ల మీదికి వచ్చిందా, తెల్లబట్ట మీద నల్ల మసి నువ్వులు చల్లినట్టు పడేది. అయినా ఎవరూ తిట్టుకునేవాళ్ళం కాదు. మసి పడుతుందంటే పొయ్యి మండుతున్నట్టు.

చెరుకు బండ్లు వాగు వంతెన దాకా బారులు కట్టేవి. పిల్లలు వెనక నుంచి గడలు గుంజేవాళ్ళు. బండివాడు తిరిగి చూసి "ఒక్కటే, ఒక్కటే" అని అరుస్తూ రెండు గుంజనిచ్చేవాడు. మా సాయిప్రియ మూడు గుంజేది. వాళ్ళన్న ముందు నిలబడి బండివాడిని మాటల్లో పెట్టేవాడు.

నందు పనిలో చేరింది వాళ్ళ నాన్న రిటైరై దిగిపోయిన ఏడు. నాన్న బాయిలర్ దగ్గర, కొడుకు పాకం ఉడికే చోట. మొదటి రోజు ఇంటికి వచ్చినప్పుడు కనుబొమల మీద చక్కెర పలుకులు మెరిశాయి. చొక్కా కొయ్యకు తగిలించాను. తెల్లారి చూస్తే గోడ కింద నుంచి కాలర్ దాకా చీమల బారు. "సూడు, నా కొడుకు ఎంత తియ్యగున్నడో" అన్నాను. వాడికి సిగ్గేసింది. "అమ్మా, ఎవ్వల ముంగట అనకు" అన్నాడు. అందరి ముందరా అన్నాను.

అన్నీ మంచివే రాస్తున్నానేమో. చక్కెర తీశాక మిగిలే ఆ మడ్డి వాసనకు నాకు తలనొప్పి వచ్చేది. చివరి రెండు సీజన్లు సగం సగమే నడిచాయి. ఆ తర్వాత ఒక పొద్దున గేటుకు తాళం. బాలకిషన్ మాత్రం వేళకు సైరన్ మోగించాడు. లోపల పని లేదు, మనిషి లేడు, అయినా మూడు పూటలా మోగించాడు. నాలుగో రోజు కరెంటు తీసేశారు. ఆ పగలు క్వార్టర్లలో ఎవరికీ అన్నం ఎప్పుడు తినాలో తెలియలేదు.

ఫిబ్రవరి 26, గురువారం

వైకుంఠం వచ్చాడు. పేడ కాళ్ళు వాకిట్లో కడుక్కున్నాడు.

"అక్కా, గా బెల్లం ముచ్చట నిజమేనా? సర్కారు ఐదేండ్ల తర్వాత నిద్ర లేసిందా?"

"లేసింది మామా" అని సాయిప్రియ లోపలి నుంచి.

"అయితె బర్లకు గూడ ఒక లిస్టు పెట్టుమను. నా పన్నెండిటికి టోకెన్లు ఇప్పిస్త. ముసల్దానికి పింఛన్ గూడ అడుగుత." నవ్వి, తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పంపకు అక్కా. అది పోతె నువ్వొక్కదానివి అయితవు. ఇప్పటికే అన్నం తింటలేవు."

వైకుంఠం నందు పోయిన రోజు నుంచి నా ముఖం నేరుగా చూడడు. బండి మీద పాల క్యాన్లు పెట్టుకుని నందు పోతుంటే చౌరస్తాలో లారీ గుద్దింది. నందు నడిపిన బండి వైకుంఠానిది. వాడి తప్పేమీ లేదు. నేను ఒక్కసారి కూడా అనలేదు. అనలేదు కాబట్టే వాడు చూడలేకపోతున్నాడేమో.

"కాగితం దొరుకుతలేదురా" అన్నాను.

"దొరకకుంటె మంచిదే" అన్నాడు.

నాకు ఎంత ప్రాణం లేచి వచ్చిందో. దొరకకపోతే మంచిదే. నేను కాదు అన్నది.

మార్చి 1, ఆదివారం

సాయిప్రియకు సెలవు. ఇల్లంతా కడిగింది. మంచాలు జరిపింది, అల్మారా జరిపింది, కుండలు జరిపింది. నేను బియ్యం డబ్బా మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లాను.

"జర లేస్తవా?" అంది.

"నడుము నొప్పే."

"సరె కూసో" అంది.

మార్చి 2

ఇంకా ఏడు రోజులు. లిస్టు గోడ మీద ఉంది. ఎండకు అక్షరాలు వెలిసిపోకుండా ఉంటే బాగుండు.

మార్చి 4, బుధవారం

హోలీ. గల్లీలో పిల్లల లొల్లి. షాపు బందు. సాయిప్రియ రంగు ఆడలేదు.

అన్నం తినేటప్పుడు మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ దొరకలేదన్నాను. వెతకని చోటు లేదన్నాను. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారన్నాను. అంత మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో. డెత్ సర్టిఫికెట్ ఎవరెత్తుకుపోతారు.

అది కంచం పక్కకు పెట్టింది.

"అమ్మా, బియ్యం డబ్బా నేను ఫిబ్రవరిలనే జరిపిన. బాలకిషన్ కాక ఫోన్ చేసిన తెల్లారే. కాగితం చూసిన. మల్ల ఆడనే పెట్టిన."

నేను కంచంలో మెతుకులు ఒక పక్కకు నెట్టాను.

"మీసేవ సెంటర్ల ఇంకో కాపి తియ్యాలంటె ఎంతసేపు? పోయి లైన్ల నిలవడ్డ గూడ. మల్ల వాపసొచ్చిన. నువ్వే తీసి ఇయ్యాలె. నీ తానకెంచి రావాలె అని."

"వాని పేరు కొట్టేస్తరే" అన్నాను. "ఆ ఒక్క జాగల ఉన్నది. రేషన్ కార్డుల తీసేసిన్రు. బ్యాంకుల తీసేసిన్రు. ఫోన్ నంబరు ఇప్పుడు ఎవ్వనిదో. ఆ గోడ మీద ఒక్కటి ఉన్నది బిడ్డా. ఉండనియ్యి."

"నాకు తెల్వదా? వాడు నాకు అన్న గాదా?" అంది. "కాని అమ్మా, వాడు సచ్చిపోయి లిస్టుల ఉన్నడు. నేను బతికుండి ఏ లిస్టుల లేను. నీ లిస్టుల గూడ లేను."

ఆయన మా ఇద్దరి నోళ్ళూ చూస్తూ కూర్చున్నాడు. ఏం విన్నాడో, ఎంత విన్నాడో. లేచి వెళ్ళి, డెబ్బై ఏళ్ళ మనిషి, బియ్యం డబ్బా రెండు చేతులతో జరిపాడు. కాగితం తీశాడు. దులిపి నా ఒళ్ళో పెట్టి బయటికి వెళ్ళి కూర్చున్నాడు. ఆయనకు కూడా తెలుసు.

ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురం రెండు వారాలుగా ఆ డబ్బా చుట్టూ తిరుగుతున్నాం.

మార్చి 5

నీ లిస్టుల గూడ లేను అంది.

ఈ డైరీ మొదటి నుంచి తిరగేశాను. నిజమే. దానికి ఒంట్లో ఎలా ఉందో ఎక్కడా రాయలేదు. కాళ్ళ నొప్పులంటే నూనె రాయలేదు. డిసెంబరులో దాని పుట్టినరోజు ఎలా గడిచిందో గుర్తు తెచ్చుకున్నాను. గడవలేదు. నేను మరిచిపోయాను. అదీ గుర్తు చేయలేదు.

మార్చి 6, శుక్రవారం

బాలకిషన్‌కు నేనే ఫోన్ చేశాను. కాగితం సాయిప్రియతో పంపుతాను, నా సంతకం పెట్టిస్తాను, నేను రాలేను అన్నాను.

"గట్ల కుదరది వదినె. సర్కారు మేడంకు కుదురుతది, ఆమె కంప్యూటర్ల ఒక్క బటన్ ఒత్తుతది. నా మస్టర్‌కు కుదరది."

"ఎందుకు?"

"నేను ఇరవై ఎనిమిదేండ్లు రాసిన. పేరు ఎక్కిచ్చుడు నా పని. కొట్టేసుడు ఎన్నడు నా పని గాలె. దిగిపోయెటోడు ఆఖరి రోజు అచ్చి ఆని పేరు ఆడే కొట్టుకునేటోడు. మీ ఇంటాయన మొగులన్న గూడ కొట్టుకున్నడు, దూద్‌పేడాలు పంచిండు, యాదికి లేదా? మనిషి లేకుంటె ఇంటోళ్ళు కొట్టాలె. గా కొట్టేసిన మస్టర్ చూసినంకనె మేడం బటన్ ఒత్తాలె అని నేను ఆమెతోని మాట తీసుకున్న. నా చేత్తోటి నందును నేను కొట్టను వదినె. ఉద్యోగం పోయింది, ఇది గూడ పోవాల్నా?"

నాలాగే ఇంకొకడు ఉన్నాడనుకున్నాను.

మార్చి 8, ఆదివారం

సాయిప్రియ కాళ్ళకు ఆముదం రాశాను. "చక్కిలిగింతలు అయితున్నయి" అని కాలు లాక్కుంది. మళ్ళీ తనే చాపింది.

మార్చి 9, సోమవారం

పొద్దున్నే ఇమ్లీబన్ వెళ్ళి బస్సెక్కాం, నేనూ సాయిప్రియ. ఆయన రానన్నాడు. "నేను నా పేరు కొట్టుకున్న. అది చాలు" అన్నాడు.

నాలుగు గంటల ప్రయాణం. వాగు వంతెన దాటగానే నేను ముక్కుతో గట్టిగా పీల్చాను. మడ్డి వాసన లేదు. వట్టి ఎండ వాసన. చిమ్నీ అక్కడే ఉంది, నడుము దాకా తుప్పు. కానీ గోదాం గోడలకు కొత్త సున్నం, ముందర కొత్త పొయ్యిలు కట్టిన ఎర్ర ఇటుకలు, వెడల్పాటి ఇనుప పెనాలు బోర్లించి ఉన్నాయి. ఇరవై మంది దాకా జనం. సగం మంది తెలిసినవాళ్ళే. "ఆండాలక్కా" అని పరుగెత్తుకు వచ్చారు. పట్టుకుని ఏడ్చారు. నేను ఏడవలేదు. పంచాయితీ గోడ దగ్గరికి వెళ్ళాను. ఉంది. నలభై ఒకటో వరస. కె. నందు, 318. వేలితో తాకాను. సున్నం అంటుకుంది.

టైం ఆఫీసులో సర్కారు నుంచి వచ్చిన మేడం లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. చిన్న పిల్ల, సాయిప్రియకు అక్కలా ఉంటుంది. పక్కన బాలకిషన్, చేతిలో పాత మస్టర్. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఐదేళ్ళ కిందటి చొక్కా, భుజాలు జారుతున్నాయి.

మేడం కాగితం చూసింది. సంతకం చేయించుకుంది. "అమ్మా, బాలకిషన్ గారు మస్టర్ అంటారు. మీకు కష్టమైతే వద్దు. నేను ఇక్కడ డిలీట్ చేసేస్తాను" అంది. మంచి మనసుతోనే అంది.

బాలకిషన్ నేల చూశాడు.

"ఒత్తకు బిడ్డా. నేనే చేస్త" అన్నాను.

మస్టర్ తెరిచాడు. ఒక్కో పేజీలో పేర్లు, వాటి మీద గీతలు. ఒక్కో గీత ఒక్కో రకం. ఒకరిది పొడుగ్గా, ఇంకొకరిది మూడు ముక్కలుగా. ఆయన పేరు మీద గీత బాయిలర్‌లో బొగ్గు ఎగేసినట్టు కిందినుంచి పైకి పోయింది. పేడాలు తిన్న చేత్తో గీశాడేమో, పక్కన నూనె మరక.

నందు పేరు బాలకిషన్ చేతిరాతలో గుండ్రంగా ఉంది. పెన్ను తీసుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. బయట ఎవరో నవ్వుతున్నారు, ఇంకెవరో పెనం ఈడుస్తున్న చప్పుడు. లైన్లో వెనక ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా తొందర పెట్టలేదు.

గీశాను. సన్నగా, ఒక్కటే, అడ్డంగా. పేరు చదవడానికి వచ్చేటట్టే గీశాను.

తర్వాత బాలకిషన్ కలం కింది వరసకు తెచ్చాడు. "పేరు చెప్పు వదినె."

"కె. సాయిప్రియ."

"చదువు?"

కాలేజీకి ఎందాక పోయిందో, ఆఖరి పరీక్ష రాసిందో లేదో, నందు పోయాక దాని చదువు ఏమైందో నాకు తెలియదు. దాని వైపు తిరిగాను.

"డిగ్రీ రెండో సంవత్సరం దాకా" అంది అది. "ఫీజుకు కాదు కాకా, అన్న పోయినంక అమ్మను ఇంట్ల వదలలేక బందు పెట్టిన. షాపుల అయితె పగటీలి అన్నానికి ఇంటికొచ్చి చూసి పోవచ్చు."

మేడం టైపు చేయడం ఆపి నన్ను చూసింది. బాలకిషన్ రాస్తూ పోయాడు.

మార్చి 10

జ్వరం. పడుకున్నాను. సాయిప్రియ గంజి కాచింది.

మార్చి 15, ఆదివారం

సాయిప్రియ వెళ్ళింది. వైకుంఠం ఆటోలో సామాను వేసుకుని బస్టాండు దాకా వచ్చాడు. ఒక పెద్ద డబ్బా నెయ్యి ఇచ్చాడు. "బెల్లంల వేసుకొని తిను. మా బర్ల తరపున సర్కారుకు సాయం" అన్నాడు. బస్సు కదిలాక మొదటిసారి నా ముఖం నేరుగా చూశాడు. "అక్కా, నా బండి..." అన్నాడు. "నడువురా ఇంటికి, ఆకలైతుంది" అన్నాను. ఇద్దరం అన్నం తిన్నాం.

మార్చి 17, మంగళవారం

సాయంత్రం సైరన్ మోగి ఆగాక ఫోన్ వచ్చింది. రెండు రోజుల ట్రైనింగ్ ముచ్చట్లు ఒక్క ఊపిరిలో చెప్పింది. పాకం ఎక్కువ కాచి మాడ్చిందట. పొగకు కళ్ళు మండుతున్నాయట. క్వార్టరు కిటికీకి రెక్క లేదట. కాళ్ళు నొప్పి లేవట, కూర్చుని చేసే పని కూడా ఉందట. అన్నీ చెప్పి, చివరికి గొంతు తగ్గించింది.

"అమ్మా, ఒక్క లొల్లి అయింది."

"ఏందే?"

"ఈడ ఎవ్వలకు నా పేరు యాది లేదు. అందరు నందు చెల్లె అంటరు. నందు చెల్లె ఇటు రా, నందు చెల్లె పెనం పట్టు. పొద్దుగాల హాజరు గూడ గట్లనే పిలిచిన్రు. ఫస్ట్ నాకు ఏడుపొచ్చింది. తర్వాత మస్తు కోపమొచ్చింది." మళ్ళీ తనే అడిగింది. "పలుకుదునా అమ్మా? నీకు మంచిగనిపిస్తదని పలుకుతున్న."

నాకు మంచిగనిపించింది. అది దాచను, ఈ డైరీలోనైనా దాచను. రాళ్ళవాగులో రోజూ పొద్దున్నే వాడి పేరు పదిమంది నోళ్ళలో పలుకుతుందని విని లోపల ఎక్కడో చల్లబడింది. అవునను బిడ్డా, పలుకు అని నోటి దాకా వచ్చింది.

"పలుకకు" అన్నాను.

"ఏంది?"

"రేపు గట్ల పిలిస్తె పలుకకు. నీ పేరు పెట్టి పిలిచెదాక లేవకు. నువ్వు సాయిప్రియవు. గట్టిగ చెప్పు."

ఆయన అరుగు మీంచి "ఎవ్వరు ఫోన్ల?" అని అరిచాడు.

గల్లీ అంతా వినేటట్టు నేనూ అరిచాను.

"మన సాయిప్రియ!"